సోమవారం బండి

సోమవారం పొద్దున మా స్టేషన్ గేటు ముందు ఎన్ని బండ్లు వరుసలో ఉన్నా, మా పెద్దబాపు ట్రాలీ ఆటో వచ్చి పోయేదాకా ఒక్కదాన్ని కూడా లోపలికి వదలరు. లారీల డ్రైవర్లు హారన్లు కొడతారు. స్కూలు బస్సుల వాళ్లు దిగి వచ్చి వాచ్‌మన్ ఓంప్రకాశ్‌తో గొడవ పెట్టుకుంటారు. "గా డొక్కు ఆటో ఎవలిదే, మంత్రిదా?" అని ఒకాయన అడిగాడొకసారి. ఓంప్రకాశ్ తల కూడా ఎత్తకుండా, "మిషన్‌కు డాక్టరన్నా. డాక్టర్ చూసినంకనే దుకాణం తెరుస్తం" అన్నాడు.

మాది బండ్లకు ఫిట్‌నెస్ పరీక్షలు చేసే స్టేషన్. వరంగల్ ఊరు దాటాక పత్తి చేన్ల మధ్య పెద్ద రేకుల షెడ్డు. లోపల నేలలో ఇనుప రోలర్లు దిగేసి ఉంటాయి. బండి చక్రాలను వాటి మీదికి ఎక్కించి, రోలర్లు తిరుగుతుండగా బ్రేకు తొక్కితే, చక్రం ఎంత బలంగా పట్టిందో గోడ మీది స్క్రీన్ చెబుతుంది. చాలినంత అంకె వస్తే పాస్, లేకపోతే ఫెయిల్.

మరి ఆ మిషన్ నిజమే చెబుతోందా అన్నది ఎవరు చూడాలి? ఆ పని నాది. ఏడాదికోసారి హైదరాబాద్ నుంచి ఇంజినీరు వచ్చి, తూకపు రాళ్లు వేలాడదీసి, మిషన్‌ను సరిచూసి పోతాడు. నడుమ రోజుల్లో మిషన్ దారి తప్పకుండా చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. బ్రేకు ఎంత పడుతుందో ముందే తెలిసిన బండి ఒకటి పెట్టుకోవాలి. వారం మొదట్లో, ఇంకే బండినీ ముట్టకముందే, దాన్ని రోలర్ల మీద ఎక్కించాలి. ఎప్పుడూ వచ్చే అంకె వస్తే మిషన్ బాగున్నట్టు. హద్దు దాటితే ఎక్కడో ఏదో చెడినట్టు. ఏం చెడిందో తేలేదాకా పరీక్ష చేసే లేన్ మూసేయాలి.

ఆ తెలిసిన బండి మా పెద్దబాపుది.

పెద్దబాపు పేరు సారయ్య. మా బాపుకు అన్న. కాశిబుగ్గలో కాళ్లతో తొక్కే గుంట మగ్గం మీద చాలా ఏండ్లు నేసి, ఇక నడుము సాగక ట్రాలీ ఆటో తీసుకున్నాడు. నేతగాళ్ల ఇళ్లకు నూలు చేరుస్తాడు. నేసిన జంపఖానాల కట్టలు కాజీపేట రైల్వే స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు దగ్గర దించుతాడు. ఊళ్లో పదో తరగతి అయ్యి నాకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినప్పుడు, హాస్టల్ ఎందుకని పెద్దబాపు, పెద్దమ్మ విమలమ్మ నన్ను తమ దగ్గరే పెట్టుకున్నారు. ఉద్యోగం వచ్చినా నేను అక్కడే ఉన్నాను. వాళ్లకు పిల్లలు లేరు. "మాకేం తక్కువ, ఆటో ఉన్నది, ఇందు ఉన్నది" అంటుంది పెద్దమ్మ. ఆటోనే ముందు చెబుతుంది.

స్టేషన్ కొత్తగా తెరిచినప్పుడు పెద్దబాపు ఆటో ఫిట్‌నెస్‌కు వచ్చింది. రెండు వెనక చక్రాల బ్రేకులూ తూకం వేసి పంచినట్టు సమానంగా పట్టాయి. మా మేనేజర్ రాజేశ్వర్ రావు సార్ మళ్లీ ఎక్కించమన్నారు. మళ్లీ అదే అంకె. ఇంకోసారి ఎక్కించినా అదే. "ఈ బండి దొరికితే మనకు వేరే ఏం వద్దు" అన్నారు సార్. అట్లా పెద్దబాపు సోమవారం సోమవారం రావడం మొదలైంది. ఆదివారం సాయంత్రమే ట్రాలీ ఖాళీ చేసి కడుగుతాడు. టైర్లలో గాలి ప్రతిసారీ ఒకే తీరుగా ఉండాలని చెబితే, మెకానిక్ మొగిలయ్య షెడ్డులో తప్ప ఇంకెక్కడా గాలి కొట్టించడు. పొద్దున ఉతికిన అంగీ వేసుకుని వస్తాడు. పరీక్ష అయిపోగానే అద్దాల గదిలో ఉన్న నావైపు చూసి, "ఏం బిడ్డా, మీ మిషన్ పాసయ్యిందా?" అని అడుగుతాడు. నేను తల ఊపితే మెల్లగా గేటు దాటి పోతాడు. ఆ వరుసలో ఉన్నవాళ్లంతా ఆయన్ను చూస్తుంటారు.

ఒకటే పద్ధతి తప్పాం. రోలర్ల మీద బ్రేకు తొక్కాల్సింది మా ఇన్‌స్పెక్టర్. అన్ని బండ్లకూ విజయ్‌కుమార్ అన్ననే సీట్లో కూర్చుని తొక్కుతాడు. పెద్దబాపును మాత్రం ఎవరూ దిగమనలేదు. పెద్దమనిషి, మన పనికోసం వస్తున్నాడు, ఆయన బండి ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు అని మొదటి రోజు సార్ అన్నారు. తర్వాత అదే అలవాటైపోయింది.

హోలీ దాటినప్పటి నుంచి అంకె తగ్గుతూ వచ్చింది. ఒక్కసారిగా కాదు. ఒక వారం కొంచెం, ఇంకో వారం ఇంకొంచెం. హద్దు లోపలే ఉంది కాబట్టి లేన్ ఆపాల్సిన పనిలేదు. "కాక, ఇయ్యాల మల్ల జర తక్కువొచ్చింది" అని విజయ్ అన్న అంటే, "మిషన్‌కు ఎండదెబ్బ తాకిందేమోరా, నిమ్మకాయ నీళ్లు తాపియ్యి" అన్నాడు పెద్దబాపు. అందరం నవ్వాం.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకొకటి చూశాను. పెద్దబాపు గడప దాటుతుంటే కుడికాలి చెప్పు వెనకే ఉండిపోయేది. రెండు అడుగులు పోయి, వెనక్కి వచ్చి తొడుక్కునేవాడు. చెప్పు వదులైందేమో అనుకున్నాను. తర్వాత ఒకరోజు చూస్తే, మడమ వెనకగా నూలు పోగులు పేని చెప్పును కాలికి కట్టుకుని ఉన్నాడు. కొత్తవి తెస్తానంటే, "ఇవ్వే మంచిగున్నయి తియ్యి" అన్నాడు.

వేసవి నడుమ ఒక సోమవారం అంకె హద్దు దాటి కిందికి పోయింది. మళ్లీ ఎక్కించాం. అంతే వచ్చింది.

రాజేశ్వర్ రావు సార్ గేటు బయట ఉన్న వరుసను చూపించి, "వాళ్లకేం చెప్పాలె ఇందూ? పొద్దుగాల నాలుగింటికి లేచి వచ్చిన్రు" అన్నారు.

"లేన్ మూసేయాలె సార్" అన్నాను.

సార్ కోపిష్టి కాదు. గట్టిగా ఊపిరి వదిలి, ఓంప్రకాశ్‌ను పిలిచి గేటుకు గొలుసు వేయించారు. ఆ పొద్దు మమ్మల్ని తిట్టని డ్రైవర్ లేడు. పెద్దబాపు ఆటో సీట్లో కూర్చునే అన్నీ విన్నాడు. "మిషన్ మంచిగ చేసుకోండ్రి సార్, నేను మల్లొస్త" అని వెళ్లిపోయాడు.

హైదరాబాద్ నుంచి ఇంజినీరు వచ్చాడు. రాళ్లు వేలాడదీశాడు, తీశాడు, మళ్లీ వేలాడదీశాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ, "మిషన్‌లో ఏమీ లేదు. మీ బండినే చూసుకోండి" అన్నాడు. లేన్ తెరిచాం.

ఆ మాట సాయంత్రం నేనే చెప్పాను. పెద్దబాపు అన్నం ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"నా బండిలనా?"

"ఆయన గట్ల అన్నడు పెద్దబాపూ."

సగం తిని చేయి కడుక్కున్నాడు. తెల్లారి నన్ను కూడా ఎక్కించుకుని మొగిలయ్య షెడ్డుకు తీసుకుపోయాడు. మొగిలయ్య వరసకు పెద్దమ్మకు తమ్ముడు. చక్రాలు విప్పి, డ్రమ్ములు తీసి, లైట్ వేసి చూశాడు. కింద కూర్చునే, పెడల్‌ను అరచేత్తో నొక్కాడు.

"రాయి లెక్కున్నది బావా. నీ బ్రేకులు మా అక్క లెక్కనే. నువ్వు అనకముందే ఆపుతయి."

"మస్కిరీలు బంద్ చెయ్యి. మరి తక్కువెందుకొస్తాంది?"

"నన్నడుగుతవేంది? సదువుకున్న పిల్ల పక్కనే ఉన్నది గదా, అడుగు."

పెద్దబాపు నావైపు చూడలేదు. "బ్రేకు లైనర్లు కొత్తయి ఎయ్యి" అన్నాడు. పాతవాటిలో ఇంకా చాలా మందం ఉందని మొగిలయ్య చూపించినా వినలేదు.

కొత్త లైనర్లు వేసిన రెండు రోజులకు, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పెద్దమ్మ వాకిట్లో నూలు కండెలు చుడుతోంది. రాట్నం ఆపకుండానే చెప్పింది.

"మీ పెద్దబాపు పొద్దుగాల మూల మీది సోమక్క అరుగుకు ఆటో తగిలిచ్చిండు. ఒక రాయి ఊడింది."

"ఎట్లా?"

"బ్రేకు సల్లగున్నదట. కొత్తది గదా, పట్టలేదట." కండె నిండింది. తీసి బుట్టలో వేసి ఇంకొకటి పెట్టుకుంది. "గా అరుగు మీదనే సోమక్క మనుమడు కూసుండి ఆడుతడు. అప్పుడే నీళ్లకని లోపటికి పోయిండట."

రాట్నం తిరుగుతూనే ఉంది. పెద్దబాపు లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కుడికాలును ఎడమకాలితో మెల్లగా రుద్దుకుంటున్నాడు.

నాకు అప్పటికి సగం తెలిసిపోయింది. తెలియనట్టు ఉండడానికి రెండు మూడు రోజులు గట్టిగానే ప్రయత్నించాను. మిషన్‌కు పోయే కంప్రెసర్ గాలి తక్కువైందేమో, రోలర్ల మీద దుమ్ము చేరిందేమో అని వెతుక్కున్నాను. రోలర్లను నేనే బ్రష్షు పెట్టి తోమాను.

తర్వాతి సోమవారం అంకె ఇంకా కిందికి వచ్చింది.

సార్ నన్ను అద్దాల గదిలోకి పిలిచారు. "ఇందూ, ఇగ చాలు. మిషన్ మంచిగున్నదని తేలింది. ఈ ఆటోను పక్కకు పెడదాం. కంపెనీ వ్యాన్ ఒకటి అడుగుత, దాన్ని తెలిసిన బండిగ పెట్టుకుందం. మీ పెద్దబాపుకు మంచిమాట చెప్పి పంపు. ముచ్చట ఒడుస్తది."

సార్ చెప్పింది తప్పేం కాదు. స్టేషన్‌కు కావాల్సింది మిషన్ సరిగ్గా ఉండడం, అది ఉంది. ఆటో గేటు దాటి వెళ్లిపోతే మాకు సంబంధం లేదు. దాని ఫిట్‌నెస్ ఇంకా ఉంది. కాశిబుగ్గ గల్లీల నుంచి కాజీపేట దాకా అది రోజూ తిరుగుతూనే ఉంటుంది. సోమక్క అరుగు ముందు నుంచే పోతుంది.

అద్దంలోంచి చూశాను. పెద్దబాపు సీట్లోనే కూర్చుని, హ్యాండిల్ మీద రెండు చేతులూ పెట్టుకుని, నేనెప్పుడు తల ఊపుతానా అని చూస్తున్నాడు.

"సార్, మిషన్ చూసినం, బండి చూసినం" అన్నాను. "తొక్కే మనిషిని మార్చి చూడలేదు."

సార్‌కు వెంటనే అర్థమైంది. "ఆయన్ను దిగమంటవా?"

"నేను చెప్త సార్."

లేన్‌లోకి దిగి ఆటో దగ్గరికి పోయాను. "పెద్దబాపూ, జర దిగుతవా? విజయన్న ఒకసారి తొక్కి చూస్తడు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నేను తొక్కేది సరిపోతలేదా?"

"ఒక్కసారి చూద్దామని."

ఆయన హ్యాండిల్ మీంచి చేతులు తీశాడు. తర్వాత కుడి మోకాలి కింద చేయి పెట్టి, కాలును ఎత్తి బయటికి తెచ్చుకుని, దిగాడు. అట్లా దిగడం నేను చూడడం అదే మొదటిసారి. ఇంతకుముందు ఆయన లేన్‌లో మా ముందు ఎప్పుడూ దిగలేదు.

"ఏమనుకోకు కాక" అని విజయ్ అన్న సీట్లో కూర్చున్నాడు. రోలర్లు తిరిగాయి. అన్న తొక్కాడు. ఇనుము మూలిగి, ఆటో ఒక్కసారిగా ఊగి వెనక్కి గుంజింది. స్క్రీన్ మీద అంకె ఎక్కింది. మొట్టమొదటి సోమవారం వచ్చిన అంకె అది.

బండి పాసైతే లేన్‌లో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఆ రోజు అందరం స్క్రీన్‌నే చూస్తూ నిలబడ్డాం, పక్కన ఉన్న మనిషిని చూడాల్సిన అవసరం లేకుండా.

"మల్లొక్కసారి నేను తొక్కుత" అన్నాడు పెద్దబాపు.

ఎక్కాడు. హ్యాండిల్ పట్టుకుని, సీట్లోంచి సగం లేచి, ఒంటి బరువంతా ఆ కాలి మీద వేశాడు. మెడ నరాలు ఉబ్బాయి. రోలర్లు తేలిగ్గానే తిరిగాయి. అంకె సగానికి కొంచెం పైన ఆగింది.

"ఇంకొక్కసారి."

విజయ్ అన్న నావైపు చూశాడు. నేను స్విచ్ దగ్గరికి పోయి రోలర్లు ఆపేశాను.

చప్పుడు ఆగిపోయాక పెద్దబాపు అడిగాడు. "బండి పాసే గదా?"

"పాసే పెద్దబాపూ. బండిల ఏం లేదు."

"మిషన్?"

"మిషన్ గూడ మంచిగనే ఉన్నది."

"మంచిది" అన్నాడు. కాలును చేత్తో ఎత్తి దిగి, షెడ్డు బయట బల్ల మీద కూర్చున్నాడు. ఓంప్రకాశ్ గేటు తెరిచాడు. లారీలు ఒకదాని వెనక ఒకటి లోపలికి రావడం మొదలుపెట్టాయి.

మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన తినలేదు. ఎదురుగా చేన్లలో ఎండ మండుతోంది.

"నాకెరుకే బిడ్డా" అన్నాడు. "చలికాలం సంది కాలు మొద్దుబారుతాంది. రోడ్డు మీద ముందుగాలనే తొక్కుతాన. మూల కనపడంగనే తొక్కుడు షురూ చేస్త. పైలంగ పోతాన. గట్లనే నడిసింది ఇన్ని దినాలు. మీ మిషన్ మీద ముందుగాల తొక్కుదామంటె రోడ్డేది?"

నేను డబ్బా మూత పెట్టేశాను.

"తెలిసి గూడ ఎందుకొచ్చినవు అంటవేమో. రాకుంటె మీరు అడుగుతరు. గదొక్కటే కాదు." తలపాగా తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "సోమవారం సోమవారం నువ్వు తల ఊపుతవు సూడు. గా వారమంత నాకు ఫికరుండకపోయేది. మిషన్ పాసైతె నేను గూడ పాసే అనుకున్న."

తువ్వాలను మడత పెడుతూ, "గా పిల్లగాడు అరుగు మీద లేకుండె" అన్నాడు.

దవాఖానకు తీసుకుపోయాం. ఎప్పుడో నిద్రలో చిన్న పక్షవాతం వచ్చి పోయిందని, షుగర్ ఎప్పటి నుంచో ఉందని డాక్టర్ చెప్పారు. మందులు వాడితే ఉన్న బలం నిలుస్తుందన్నారు. పోయింది తిరిగి వస్తుందా అని పెద్దమ్మ అడిగితే, ఆయన మందుల చీటీ రాస్తూ, "బండి మాత్రం నడపొద్దు" అన్నారు.

స్టేషన్‌లో సార్ ఒక కాగితం అతికించారు. ఎంత పెద్దమనిషి వచ్చినా, ఎవరి బండైనా, బ్రేకు ఇన్‌స్పెక్టరే తొక్కాలి. విజయ్ అన్న దాన్ని చదివి లేన్‌లోకి పోయాడు.

ఆటో వాకిట్లో నిలబడిపోయింది. పెద్దబాపు రోజూ దాన్ని తుడిచేవాడు. నూలు కోసం ఎవరైనా వస్తే, వేరే ఆటో వాళ్ల పేర్లు చెప్పి పంపేవాడు. ఇంట్లో పాత మగ్గం గుంట మీద పలకలు పరిచి ఉంటాయి. వాటి మీద ఆటో స్టెప్నీ, ఆయిలు డబ్బాలు పెట్టుకుంటాడు. ఒకరోజు పెద్దమ్మ ఆ పలకలవైపు చూసి, "ఊకె కూసునుడెందుకు, గుంట తెరువనా? కొద్దికొద్దిగ నేసుకో" అంది.

"గది గూడ తొక్కుడే గదనే" అన్నాడు పెద్దబాపు.

పెద్దమ్మ లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు.

వానలు పడే ముందు, డోర్నకల్ నుంచి సదానందం అనే ఆయన ఆటో కొనడానికి వచ్చాడు. అక్కడ రైల్వే స్టేషన్ దగ్గర సామాన్లు మోస్తాడట. ఫిట్‌నెస్ గడువు కూడా దగ్గరికొచ్చింది కాబట్టి, అది చేయించి ఇస్తానని పెద్దబాపే అన్నాడు. అందరం మా స్టేషన్‌కు వచ్చాం. అది సోమవారం కాదు. వరుసలో నిలబడి, మా వంతు వచ్చాక లోపలికి పోయాం.

బండ్ల యజమానులు నిలబడడానికి లేన్‌లో ఒక పసుపు గీత ఉంటుంది. పెద్దబాపు ఇదివరకు ఎప్పుడూ ఆ గీత వెనక నిలబడలేదు. ఇప్పుడు సదానందం పక్కన నిలబడ్డాడు. విజయ్ అన్న ఆటో ఎక్కుతుంటే, "మెల్లగ తొక్కురా, కొత్త లైనర్లు" అన్నాడు.

రోలర్లు తిరిగాయి. ఆటో ఊగింది. నేను స్క్రీన్ చూసి వచ్చేసరికి పెద్దబాపు స్క్రీన్‌ను చూడడం లేదు. విజయ్ అన్న పాదాన్ని చూస్తున్నాడు.

"ఎంతొచ్చింది బిడ్డా?"

"పాతదే, పెద్దబాపూ. గదే వచ్చింది."

తల ఊపాడు. సోమవారాలు నేను ఊపినట్టే.

కాగితాలు అయ్యాక, పోతూ పోతూ కాశిబుగ్గలో దించుతానని సదానందం అన్నాడు. పెద్దబాపు మామూలుగా డ్రైవర్ సీటు దగ్గరికి నడిచి కమ్మీ పట్టుకున్నాడు. సీట్లో అప్పటికే సదానందం కూర్చుని ఉన్నాడు. పెద్దబాపు అందుకే వచ్చినట్టు తువ్వాల కొసతో పక్క అద్దం తుడిచి, వెనక్కి నడిచాడు. నేను ట్రాలీ తలుపు దించాను.

"కాక, గూడ్సు బండిల మనుషులను ఎక్కియ్యద్దు. నువ్వు ఫెయిల్ చేపిస్తవు మమ్ముల" అన్నాడు విజయ్ అన్న, నవ్వించాలని.

"సామాన్లు ఎక్కియ్యచ్చు గదరా" అన్నాడు పెద్దబాపు.

విజయ్ అన్న ముఖం తిప్పుకున్నాడు.

పెద్దబాపు ఎడమకాలు ట్రాలీలో పెట్టాడు. కుడికాలును నేను కింద నుంచి పట్టి ఎత్తాను. కాలు చల్లగా ఉంది. జంపఖానాల కట్టలు ఉండే చోట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చూస్తే నూలు పోగులు తెగి, చెప్పు కిందనే ఉండిపోయింది. తీసి ఇచ్చాను. కాలికి వేసుకోకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. నేను తలుపు ఎత్తి గొళ్లెం వేశాను. ఆటో కదిలింది.